ఆర్నాజ్ మలుపులో జాగారం

ఫ్రాన్సులోని విస్త్రామ్ రేవులో ఓడ తలుపు మెల్లగా కిందికి దిగుతోంది. పొద్దున్న ఏడు కావస్తోంది. మా క్లబ్బు కార్లు పదకొండు, అన్నీ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కార్లే, వరుసగా ఇంజన్లు ఆన్ చేసుకుని ఉన్నాయి. ఎక్కండి, నా పక్క సీటు మీదే. కాళ్ళ దగ్గర గుడారం మేకుల సంచీ ఉంది, సర్దుకోండి. గ్యాసు స్టవ్వు మాత్రం ఒళ్ళో పెట్టుకోక తప్పదు.

ఇంగ్లండులో మనలాగే ఎడమవైపు నడుపుతాం. ఫ్రాన్సు నేల తాకగానే కుడివైపుకి మారాలి. నా స్టీరింగేమో కుడి పక్కే. కాబట్టి ముందున్న లారీని దాటొచ్చో లేదో మీరే తొంగిచూసి చెప్పాలి. టోల్ గేటు కూడా మీ వైపే వస్తుంది, ఇదిగో చిల్లర.

అలాన్‌సోన్ ఇవతల వరుసలో మూడో కారు ఆవిర్లు కక్కింది. పదకొండు కార్లూ రోడ్డు పక్కకి తీసి ఆపాం. ఎవరినీ దారిలో వదిలి వెళ్ళకూడదన్నది ఈ క్లబ్బులో ఎక్కడా రాసుకోని కట్టుబాటు. చిట్లిన రేడియేటర్ గొట్టం మార్చడానికి గంట పట్టింది. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు తారు రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బిగించారు. పల్లెల్లో పిల్లలు గోడలెక్కి, ఇంజను మోత వినిపించమని చేత్తో సైగ చేస్తున్నారు. ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి వినిపిద్దాం, పాపం.

అది 2025 జూన్ 13, శుక్రవారం. మధ్యాహ్నానికి, ఇరవైనాలుగు గంటల కార్ల పందెం జరిగే లె మాన్ చేరి, మేజోఁ బ్లాంష్ క్యాంపులో గుడారాలు వేస్తున్నాం. నేల రాయిలా ఉంది, రెండు మేకులు అప్పుడే వంగిపోయాయి. చుట్టూ ఎటు చూసినా గుడారాలు, జెండాలు, పొగలు. కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరు ఊరంతా ప్రభ కట్టుకుని తరలివెళ్ళినట్టు, ఇక్కడికి క్లబ్బులకు క్లబ్బులే తరలివస్తాయి. ఆ ఏడాది వచ్చిన జనం 3,32,000.

శనివారం సాయంత్రం నాలుగింటికి టెన్నిస్ వీరుడు రోజర్ ఫెదరర్ జెండా ఊపాడు. 62 కార్లు ఒక్కసారి మన ముందు నుంచి దూసుకుపోయాయి. ఆ మోత చెవులకంటే ముందు గుండెల్లో తగిలింది, చూశారా? ఒక చుట్టు 13.626 కిలోమీటర్లు. వేగమైన కార్లకు మూడున్నర నిమిషాలు చాలు. దారిలో చాలా భాగం మామూలు రోడ్డే. ఉనొదియేర్ అని పిలిచే ఆ పొడవాటి తిన్నని దారిలో మిగతా రోజుల్లో లారీలు, కూరగాయల బళ్ళు తిరుగుతాయి.

చాలామంది ఆరంభం చూస్తారు, ముగింపు చూస్తారు, మధ్యలో హోటలుకెళ్ళి పడుకుంటారు. నా లెక్కలో వాళ్ళు లె మాన్ చూడనట్టే. 1923లో ఆటోమొబైల్ క్లబ్ ద లూయెస్ట్ ఈ పందెం పెట్టిందే కారు రోజంతా చెడిపోకుండా పరుగెత్తగలదా, దాని దీపాలు రాత్రంతా నిలుస్తాయా అని పరీక్షించడానికి. పందెం పుట్టిందే రాత్రి కోసం. గుడారం వేసుకునేది కూడా అందుకే.

చీకటి పడేలోగా ఒక్కచోట ఆగుదాం. ప్రధాన స్టాండ్ల ఎదురుగా ఉన్న ఈ దారి మీదే, 1955 జూన్ 11 సాయంత్రం, పియేర్ లెవెగ్ నడుపుతున్న మెర్సిడెస్ గాల్లోకి లేచి జనం మీద పడింది. 80 మందికి పైగా చనిపోయారు. పందెం ఆగలేదు. మన ముందున్న ఈ ఎత్తయిన కంచెల వెనక వాళ్ళున్నారు. తల వంచుకుని కాసేపు నిలబడండి.

రాత్రి రెండు. షటిల్ బస్సు దిగి ఆర్నాజ్ దగ్గర మట్టి కట్ట ఎక్కాం. స్వెట్టర్ మీద కోటు వేసుకున్నా చలి ఆగడం లేదు. ఫ్లాస్కులో అల్లం టీ ఉంది, పోసుకోండి. చెవిలో రేడియో పెట్టుకోండి, 91.2లో ఇంగ్లీషు వ్యాఖ్యానం వస్తుంది. కాసేపయ్యాక తీసేయండి, ఇక్కడ చెవులతోనే అన్నీ తెలుస్తాయి. దూరంగా చెట్ల నడుమ ముందు వెలుగు కదులుతుంది, తర్వాత మోత వస్తుంది. ఉరుము గొంతులో పెట్టుకున్నట్టు వచ్చేది కాడిలాక్. సన్నగా, కోసినట్టు అరుస్తూ వచ్చేది పన్నెండు సిలిండర్ల ఆస్టన్ మార్టిన్. ఇండియానాపొలిస్ మలుపులో బ్రేకు వేయగానే చక్రాల లోపల డిస్కులు కొలిమిలో ఇనుములా ఎర్రబడతాయి. అక్కడి నుంచి ఆర్నాజ్‌కి వచ్చేసరికి కారు బాగా నెమ్మదిస్తుంది. మొత్తం దారిలో అన్నిటికంటే నిదానమైన మలుపిది. అద్దం మీద అంటుకున్న పురుగులు కూడా కనిపిస్తాయి.

కారుకి ముగ్గురు డ్రైవర్లు. ఒక్కరు ఆరు గంటల్లో నాలుగు గంటలకు మించి నడపకూడదు. ఇప్పుడు నడుపుతున్నతను పొద్దున్న ఎప్పుడు లేచాడో! పిట్‌లో మెకానిక్కులు హెల్మెట్లు పెట్టుకునే కుర్చీల్లో కునుకుతుంటారు. మన ముందు కంచె అవతల నారింజ రంగు దుస్తుల్లో నిలబడ్డ మార్షల్ ఎవరో జీతం కోసం కాక ఇష్టంకొద్దీ వచ్చినవాడు. కన్ను ఆర్పకుండా దారి చూస్తున్నాడు. కట్ట మీద పక్కన కూర్చున్న క్లబ్బు పెద్దాయన తన దుప్పటి సగం నా మీదికి జరిపారు. మాటల్లేవు. శివరాత్రి నాడు గుడి మండపంలో మా అమ్మమ్మ పక్కన ఇలాగే కూర్చునేవాణ్ణి.

ఆరింటికి పొద్దు పొడిచింది. గుడారం ముందు స్టవ్వు వెలిగించి ఉప్మా చేశాను. పెద్దాయన రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. ముందున్నది పసుపు ఫెరారీ, నంబరు 83. నడుపుతున్నది పోలండ్ మనిషి రాబర్ట్ కుబిత్సా. 2011లో ఇటలీలో ఒక ర్యాలీ ప్రమాదంలో అతని కుడి చేయి దాదాపు తెగిపోయింది. మళ్ళీ స్టీరింగ్ పట్టడం కలే అనుకున్నారు. 2021లో ఇక్కడే, ఇదే పందెంలో, రెండో తరగతి కార్లలో అతని జట్టు ముందుండగా చిట్టచివరి చుట్టులో కారు ఆగిపోయింది. ఆ క్షణాన అందులో ఉన్న చైనా కుర్రాడు యె యిఫెయ్ ఇవాళ కూడా అతని జట్టులోనే ఉన్నాడు, మూడోవాడు ఫిల్ హాన్సన్. వెనక పోర్షా తరుముకొస్తోంది. చివరి చుట్టు అనగానే స్టాండ్లలో ఒక్కరూ కూర్చుని లేరు. మీరూ లేచారు. ఈసారి కారు ఆగలేదు. 387 చుట్లు, 5,273 కిలోమీటర్లు పరుగెత్తాక రెండు కార్ల మధ్య తేడా 14 సెకన్లు. దూరమేమో హైదరాబాదు నుంచి ఢిల్లీకి మూడు రెట్లు దాటుతుంది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. నేనూ.

సోమవారం పొద్దున్న మేకులు పీకి, గుడారాలు మడిచి బయల్దేరాం. ఉనొదియేర్ రోడ్డు తెరిచేశారు. నిన్న గంటకు 300 కిలోమీటర్లు దాటి కార్లు దూసుకుపోయిన ఆ దారిలో, మా పదకొండు కార్లూ ఒక లారీ వెనక నెమ్మదిగా వెళుతున్నాయి.