కడుపునకు మనస్సునకు గల సంబంధము
రెండు శతాబ్దుల పరిశోధన

పరీక్షలు దగ్గరపడినప్పుడు కొందరు విద్యార్థులకు కడుపునొప్పి, విరేచనములు కలుగుట ఉపాధ్యాయులు ఎరిగినదే. పెద్దవారిలో కూడ కొందరికి కడుపునొప్పి, ఉబ్బరము, మలబద్ధకము నెలల తరబడి బాధించును. వైద్యుడు పరీక్షింపగా పుండుగాని, వాపుగాని, కంతిగాని కనబడదు. ఇట్టివానిని జీర్ణకోశ క్రియాలోపములందురు. ఇందు అవయవ నిర్మాణము చెడినట్లు కనబడదు. దాని పనితీరు మారును. ఏమియు కనబడలేదు కావున జబ్బే లేదని ఇట్టి రోగులను త్రోసిపుచ్చుట చాలకాలము జరిగినది. అది తప్పని ఎట్లు తేలెను?

1822 జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినా దీవిలో, తోళ్ల వర్తకుల అంగడి యందు తుపాకి ప్రమాదవశమున ప్రేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకూలీ కడుపునకు గాయమయ్యెను. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ చికిత్సచే అతడు బ్రదికెను గాని, జఠరమునకు పడిన రంధ్రము మూసుకొనలేదు. 1825లో బోమాంట్ పట్టుదారమునకు ఆహారపు ముక్కలను కట్టి ఆ రంధ్రము గుండా లోనికి దించి, అవి ఎట్లు కరగునో పరిశీలింప మొదలిడెను. 1833లో తన పరిశోధనలను గ్రంథముగా ప్రకటించెను. కోపము, భయము కలిగినపుడు జఠరపు లోపలిపొర రూపు మారుననియు, జఠరరసము తగ్గుననియు అందు వ్రాసెను. విసిగి ఒకటికి రెండుసార్లు వెళ్లిపోయిన ఆ పేద కూలీకి కూడ ఈ విజ్ఞానము ఋణపడియున్నది.

ఎక్స్ కిరణములు 1895లో కనుగొనబడెను. మరుసటి సంవత్సరమే హార్వర్డు వైద్యవిద్యార్థి వాల్టర్ కానన్ వానిని జీర్ణక్రియా పరిశోధనకు వినియోగించెను. బిస్మత్ లవణము కలిపిన ఆహారమును పిల్లికి పెట్టి, జఠర చలనమును తెరపై చూచెను. పిల్లి బెదరి గింజుకొనినపుడు ఆ చలనము ఆగెను. నిమిరి శాంతింపజేయగా తిరిగి సాగెను. పిల్లికి నటన తెలియదు గదా! 1899లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అనువారు, బయటినుండి వచ్చు నాడులను ఖండించినను కుక్క ప్రేవులలో అలల వంటి కదలిక సాగుటను చూపిరి. ప్రేవుల గోడలలోనే ఒక నాడీమండలము కలదు. అది తనంతట పనిచేయగలదు. మెదడుతో నిరంతరము సంకేతములను ఇచ్చిపుచ్చుకొనుచుండును.

ఈ సంకేతములు తీవ్రమైనచో ఏమగును? 1973లో ఇంగ్లండులో రిచీ అను పరిశోధకుడు పెద్దప్రేవు చివరి భాగమున చిన్న బుడగను ఉంచి గాలి నింపెను. 60 మిల్లీలీటర్ల గాలికి ఆరోగ్యవంతులలో నూటికి 6 మందికి, రోగులలో నూటికి 55 మందికి నొప్పి కలిగెను. అనగా రోగుల బాధ కల్పితము కాదు. వారి నాడులు స్వల్పమైన ఒత్తిడినే నొప్పిగా గ్రహించుచున్నవి. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనబడు ఈ జబ్బును లక్షణములను బట్టియే గుర్తింపవచ్చునని 1978లో మానింగ్, ఆయన సహచరులు సూచించిరి. రోము నగరమున 1988లో జరిగిన అంతర్జాతీయ సమావేశముతో నిర్ణయసూత్రముల రచన ప్రారంభమయ్యెను. 2016లో వెలువడిన వాని నాల్గవ కూర్పు ఈ జబ్బులకు ‘ప్రేవు–మెదడు పరస్పర సంబంధ లోపములు’ అను అర్థము గల పేరు పెట్టెను.

చికిత్స ఈ అవగాహననుండియే పుట్టినది. బాధ నిజమని, ప్రాణాపాయము కాదని రోగికి విశదపరచుట మొదటి మెట్టు. వేళకు భోజనము, తగు వ్యాయామము, మలబద్ధకమున్నవారికి ఇసబ్‌గోల్ వంటి నీటిలో నానెడి పీచు, పడని ఆహారమును గుర్తించి తగ్గించుట మేలు చేయును. అవసరమైనచో మందులు, మానసిక చికిత్స తోడ్పడును. కాని మలములో రక్తము పడుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, యాభై యేండ్లు దాటిన పిదప క్రొత్తగా బాధ మొదలగుట వంటివి కనబడినచో, ఇది క్రియాలోపమే యని ఊరకుండక వెంటనే వైద్యుని చూడవలెను.

పరీక్షనాడు కడుపునొప్పి యనెడి విద్యార్థి అబద్ధమాడుచున్నాడని తలచుటకు ముందు, కానన్ పిల్లిని జ్ఞాపకము చేసికొనుట మంచిది.