స్కాలర్‌షిప్ పుట్టిందెక్కడ, ఆగిందెక్కడ?

రేగుంట ఊరు మాట్లాడేది తెలుగు. తాలూకా సిరొంచా, జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర. ప్రాణహిత నది దాటితే తెలంగాణ. ఈ ఊళ్లో పన్నెండో తరగతి పాసైన ఆదివాసీ విద్యార్థి కాలేజీ స్కాలర్‌షిప్ అడగాలంటే ముందు కుల సర్టిఫికెట్ ఉండాలి. అది చేతికి రావాలంటే తన కుటుంబం 1950 సెప్టెంబరు 6 నాటికే ఇక్కడ ఉన్నట్టు ఆధారం చూపాలి. షెడ్యూల్డ్ కులాలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. నిజానికి 1950లో మహారాష్ట్ర అనే రాష్ట్రమే లేదు. సిరొంచా అప్పుడు మధ్యప్రదేశ్‌లోని చాందా జిల్లాలో ఉండేది. 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో కలిసింది, 1982లో గడ్చిరోలి జిల్లా కిందికి వచ్చింది. ఉన్నచోటు నుంచి కదలని కుటుంబం మీదుగా ఇన్ని సరిహద్దులు మారాయి. పేదరికాన్ని చూసి ఇచ్చే సాయానికి ముత్తాతల కాలం నాటి కాగితం ఎందుకు అడ్డుపడుతోందో తెలియాలంటే ఆ సాయం ఎలా పుట్టిందో చూడాలి.

మొదట్లో అది రాజుల దయ. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ 1913లో అంబేడ్కర్‌కు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చి కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపాడు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. గడువు తీరగానే డబ్బు ఆగింది. లండన్ చదువు మధ్యలో ఉండగానే 1917లో అంబేడ్కర్ తిరిగి రావలసి వచ్చింది. ఎంత మంచి మనసుతో ఇచ్చినా దాత సాయానికి ఇచ్చేవాడి గడువూ ఇచ్చేవాడి షరతూ ఉంటాయి. వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడయ్యాక 1942 అక్టోబరులో వైస్రాయి లిన్‌లిత్‌గోకు ఇచ్చిన విజ్ఞాపనలో అంబేడ్కర్ అడిగిన తీరే వేరు. బనారస్, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా మూడేసి లక్షలు ఇస్తోందని గుర్తుచేసి, అంటరానివారి పై చదువులకూ అలాగే ఖర్చు పెట్టాలన్నారు. అందులోనూ ఆయన కోరింది సైన్సు, సాంకేతిక విద్య. ఖర్చెక్కువైన ఆ చదువులు ప్రభుత్వం పూనుకోకపోతే ఈ కుటుంబాలకు అందవన్నది ఆయన వాదన. ఏటా మూడు లక్షల రూపాయలు మంజూరై, 1944లో పదో తరగతి తర్వాతి చదువులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఖజానాలో మా వాటా ఏదని నిలదీసి సాధించుకున్నది గనుక దీన్ని దానంగా చూడటం చరిత్రకు ఒప్పదు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1948-49లో షెడ్యూల్డ్ తెగలకూ వర్తింపజేశారు. అమలు కాలక్రమంలో రాష్ట్రాల చేతికి వెళ్లింది, ఖర్చులో కేంద్రం వాటా సన్నగిల్లింది. చివరకు 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం షెడ్యూల్డ్ కులాల పథకానికి 60:40 నిష్పత్తి ఖాయం చేసి, ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల ఖర్చును ఆమోదించింది. షెడ్యూల్డ్ కులాలకూ తెగలకూ కేంద్ర పథకంలో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. మొత్తాలు మూడు లక్షల నుంచి వేల కోట్లకు పెరిగాయి కాబట్టి డబ్బు లేదన్న మాట ఇప్పుడు పూర్తిగా నిలవదు. అడ్డంకి కాగితం దగ్గరికి జరిగింది.

సరిహద్దు ఊళ్లలో ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. స్కాలర్‌షిప్ ఇచ్చేది విద్యార్థి స్థిరనివాసం ఉన్న రాష్ట్రం. నది అవతలి మేనమామ పిల్లలు తెలంగాణ వెబ్‌సైటు ఈపాస్‌లో అర్జీ పెడతారు, రేగుంట పిల్లలు మహారాష్ట్ర వెబ్‌సైటు మహాడీబీటీలో పెట్టాలి. అక్కడి కుల సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. తెనాలిలో పుట్టి బొంబాయిలో మెడిసిన్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే: ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ అయినంత మాత్రాన మరో రాష్ట్రానికి వలసపోతే ఆ హోదా వెంట రాదు. వలస వచ్చినవారికి ఆ తీర్పు న్యాయమే కావచ్చు. ఇంటిపేర్లూ మాటా తెలుగువైనందుకు తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లను కూడా అదే అనుమానంతో చూడటం న్యాయం కాదు. మహారాష్ట్ర కుల ధ్రువీకరణ చట్టం ఎనిమిదో సెక్షన్ రుజువు భారాన్ని అర్జీదారు మీదే పెట్టింది. ఆ రుజువులేమో ఊరి జనన మరణాలు రాసిన కోత్వాల్ పుస్తకంలో, పాత భూమి రికార్డుల్లో, బడి రిజిస్టర్లలో ఉంటాయి. అవన్నీ ప్రభుత్వ కచేరీల్లోనో బడుల్లోనో ఉండేవే. ప్రభుత్వం దగ్గరున్న కాగితాన్ని ప్రభుత్వానికే తెచ్చి చూపడానికి పద్దెనిమిదేళ్ల పిల్ల తిరగాలి. కుల ధ్రువీకరణ పత్రం (వ్యాలిడిటీ) కోసం వెళ్లాల్సిన గడ్చిరోలి సిరొంచా నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే.

తనిఖీ సడలిస్తే దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయంటారు. ఆ భయం ఉత్తిది కాదు. అబద్ధపు సర్టిఫికెట్‌తో పోయే ప్రతి సీటూ నిజమైన ఆదివాసీ బిడ్డదే. కాబట్టి తనిఖీ ఉండాలి. అయితే గడ్చిరోలి జిల్లాలోనే బయటపడిన స్కాలర్‌షిప్ కుంభకోణంలో వేలెత్తి చూపాల్సి వచ్చింది లేని విద్యార్థుల పేర్లతో సొమ్ము కాజేసిన విద్యాసంస్థల వైపు. ఆ మోసాన్ని తాత రికార్డు అడిగి ఆపలేం, కాలేజీ హాజరు పట్టీ చూసి ఆపగలం. ఫీజు ప్రభుత్వమే కడితే ప్రైవేటు కాలేజీలు రేట్లు పెంచుతాయన్నది మరో అభ్యంతరం. 2008లో ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చినప్పటి నుంచీ ఈ మాట వినిపిస్తూనే ఉంది. దానికి మందు ఫీజుల నియంత్రణ. విద్యార్థికి సాయం ఆపితే నష్టపోయేది కాలేజీ కాదు.

పాత రికార్డులను తహసీలే వెలికితీసి, ఊరి వారీగా జాబితా చేసి, సర్టిఫికెట్లను బడికే పంపాలి. అది జరిగేదాకా ఇంట్లో పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే మొదలుపెట్టండి. తాతల పేరున్న బడి రికార్డు, భూమి నకలు ముందు తీయించండి. తండ్రి వైపు రక్తసంబంధికుల్లో ఎవరికైనా వ్యాలిడిటీ వచ్చి ఉంటే దాని ప్రతి అడిగి తీసుకోండి, అది గట్టి ఆధారం. ఆధార్‌లో, మార్కుల జాబితాలో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూసుకోండి. తెలుగు పేరు మరాఠీలో రాసేటప్పుడే అక్షరాలు మారిపోతుంటాయి. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం అర్జీ పెట్టే ఏడాది తాజాగా తీసుకోండి. అర్జీ తిప్పి పంపితే కారణం రాతపూర్వకంగా అడగండి. 1944లో మొదలైన ఆ స్కాలర్‌షిప్ మీ పిల్లల హక్కు.