ఎత్తైన ప్రదేశాలలో ఎస్ప్రెస్సో

ఎస్ప్రెస్సో అనగా మెత్తని కాఫీ పొడి గుండా వేడినీటిని సుమారు 9 బార్ల పీడనంతో పంపి తీసే చిక్కటి డికాక్షను. ఎత్తుకు వెళ్ళేకొద్దీ వాతావరణ పీడనం తగ్గి, ప్రతి 300 మీటర్లకు నీటి మరుగు ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ పడిపోతుంది.

== తయారీ ==
ఎస్ప్రెస్సోకు సాధారణంగా 90-96 డిగ్రీల నీరు వాడతారు. సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్న బొలీవియా నగరం లా పాజ్‌లో నీరు 88 డిగ్రీల వద్దనే మరుగుతుంది. యంత్రంలోని పీడనం వలన నీరు అంతకు మించి వేడెక్కగలదు. కాని బయటపడగానే కొంత ఆవిరై చిమ్ముతుంది. అందుచేత వేడిని కొంత తగ్గించి, ఆ లోటు తీరుటకు పొడిని మరింత మెత్తగా పట్టాలి.

== గింజలు ==
లా పాజ్‌కు ఈశాన్యాన యుంగాస్ లోయలలో, ముఖ్యంగా కరనావి ప్రాంతంలో, అరబికా కాఫీ పండుతుంది. అప్పుడే వేయించిన గింజలలో కార్బన్ డయాక్సైడ్ అధికం. తక్కువ పీడనంలో దాని నురుగు మరీ పొంగుతుంది. కనుక గింజలను వేయించిన కొన్ని రోజుల తరువాత వాడుట మేలు.