దుప్పివేటకు పొట్టితూటా



శ్రీముఖలింగ క్షేత్రమున వెలసిన స్వామికి మధుకేశ్వరుడని పేరు. మధూకమనగా ఇప్పచెట్టు. స్వామి ఇప్పచెట్టున ఆవిర్భవించెననియు, ఆ కథలోనివారు అడవిలో బ్రతుకు శబరులనియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆ శబరులే నేడు వంశధారకు ఎగువనున్న కొండలలో నివసించు సవరలని మన పెద్దల నమ్మిక. తూర్పుగాంగుల కళింగనగరము ఈ ముఖలింగమేయని శాసనాధారములతో వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863వ సంవత్సరమున జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, ఆ సవరల భాషను నేర్చి, 1938లో దానికి నిఘంటువును ప్రకటించిరి. వ్యావహారిక భాషకై జీవితమెల్ల పోరాడిన ఆ మహనీయులు నా యీ గ్రాంథికమును విన్నచో నవ్వుకొందురు. కాని ఈ వయసున నా కలము మరియొక దారిని పట్టజాలదు.

ఈ పూట ప్రసంగించవలసిన విషయము వేటకు సంబంధించినది. దుప్పిని కొట్టుటకు ఎట్టి తూటా తగినది, అందును పొట్టితూటా యనునది ఎట్లు పుట్టినది, అది మన సీమకు ఎందుకు రాలేదు అనునది నేటి చర్చ. తూటా యనిన తుపాకిలో పెట్టు మందుగుండు గొట్టము. పాత తెలుగున తోటా యనియు వ్రాసిరి. ఇది వేటకు ప్రోత్సాహము కాదని ముందే మనవి చేయుచున్నాను. నేడు మనదేశమున దుప్పిని కొట్టుట నేరము. కాని చరిత్ర నేరము కాదుగదా. వేటగాడు తన తూటాను తానే ఎన్నుకొనునని మనము తలచుచుందుము. విచారించి చూడగా మన ప్రాంతమున ఆ యెన్నిక ఏనాడును వేటగానిచేతిలో లేదు.

మొదట విల్లు. సవర వేటగాడు నలుబది గజముల లోపలికి పోయిననే గాని బాణము పనిచేయదు. కనుక గాలివాటము నెరిగి, మృగమునకు వాసన తగులకుండ, ఎండుటాకు చప్పుడు కాకుండ చేరవలయును. మృగము కంటికి స్పష్టముగా కనబడును. ఎచ్చట తగులవలయునో అచ్చటనే తగులును. కనబడనిదానిని కొట్టిన దశరథుని గతి యేమాయెనో మీకు చెప్పనక్కరలేదు. దూరమునుండి కొట్టగలుగుట వేటగానికి బలమే, కాని ఆ బలముతోపాటు గాయపడి పారిపోవు మృగముల సంఖ్యయు పెరిగినది. తూటాను గూర్చిన వాదములన్నిటికిని మూలము ఇదియే. తగిలిన మృగము తగిలినచోటనే కూలవలయునా, లేక పొట్టలో గుండుతో మూడుదినములు కొండవాగులో నీల్గవలయునా అనునదే ప్రశ్న.

తరువాత తుపాకి. 1757 జనవరిలో బొబ్బిలికోటపై బుస్సీదొర ఫిరంగులు మ్రోగుటకు ఎంతో పూర్వమే మన సంస్థానములలో తుపాకులు కలవు. అవి మూతినుండి దట్టించునవి. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపిన నల్లమందును గొట్టములో పోసి, పైన గుడ్డపీలికయో కొబ్బరిపీచో కూరి, సీసపుగుండు వేసి, ఇనుపకడ్డీతో దట్టింతురు. ఒక దెబ్బ తప్పినచో రెండవ దెబ్బకు దుప్పి మరియొక కొండపై నుండును. వానలో మందు తడిసిన తుపాకి దుడ్డుకఱ్ఱతో సమానము. ఇట్టి నాటుతుపాకులు మన ఏజెన్సీ గ్రామములలో ఇరువదవ శతాబ్దమున చాలకాలము నిలిచినవి.

మందును గుండును ఒక్క కాగితపు పొట్లములో చుట్టుట తూటాకు మొదటి మెట్టు. ఆ కాగితమునకు పూసిన క్రొవ్వును గూర్చిన అనుమానమే 1857 నాటి సిపాయిల తిరుగుబాటుకు నిప్పురవ్వ యైనదని మనమెల్లరము బడిలో చదివితిమి. పిమ్మట పదియేండ్లలోపల కాగితము పోయి ఇత్తడి వచ్చినది. అడుగున చిన్న పేలుడుటోపి, లోపల మందు, మూతిలో గుండు, అన్నియు ఒక్కటే వస్తువు. 1871లో ఆంగ్లసైన్యమునకు వచ్చిన మార్టిని-హెన్రీ తుపాకి గుండు బరువు 480 గ్రెయినులు. బ్రిటిషు కాలపు తులము సరిగా 180 గ్రెయినులు గనుక, ఆ గుండు రెండు తులములపైన మూడింట రెండువంతులు తూగును. నల్లమందు బలము తక్కువ. కనుక గుండు లావుగాను బరువుగాను, గొట్టము పొడవుగాను ఉండక తప్పదు. పొగ కమ్మి, కొట్టినవానికి తాను కొట్టినది కనబడదు.

1884లో ఫ్రాన్సుదేశమున పాల్ వియెయ్ అను రసాయనజ్ఞుడు పొగలేని మందును కనిపెట్టెను. తుపాకి చరిత్రయందు దీనికి మించిన మార్పు లేదు. నల్లమందుకంటె అనేకరెట్లు బలమైనదగుటచే సన్ననిగుండును పెనువేగముతో పంపవచ్చును. ఆ వెంటనే ఆంగ్లసైన్యము 0.303 అంగుళపు తూటాను చేపట్టెను. మన పల్లెలలో పోలీసుల భుజములపై కనబడి, త్రీ-నాట్-త్రీ యని పసిపిల్లలు సైతము పలికిన తుపాకి ఇదియే.

ఇచ్చట దొరతనము ప్రవేశించినది. 1878 నాటి ఆయుధచట్టముచే దేశీయుడు అనుమతిపత్రము లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. తొలుత ఐరోపావారికిని కొందరు బిరుదాంకితులకును మాత్రమే మినహాయింపు. 1907లో మరియొక యాజ్ఞ వెలువడెను. 0.450 అంగుళపు తుపాకులును తూటాలును హిందూదేశమునకు, సూడానుదేశమునకు దిగుమతి చేయరాదనిరి. కారణము వినుడు. పాత మార్టిని తుపాకి గొట్టమును 0.450 అంగుళములదే. వేటగానికని తెచ్చిన గుండు తిరుగుబాటుదారుని తుపాకిలో ఇమిడిపోవునని భయము. తూటా లేని తుపాకి కఱ్ఱయని దొరలకు తెలియును. అంతట ఇంగ్లండులోని తుపాకి కమ్మరులు 465, 470, 475, 476 అను పేర్లతో క్రొత్త తూటాలను కల్పించిరి. వీనికిని నిషేధింపబడినదానికిని భేదము అంగుళములో నూరవవంతులు మాత్రమే. ఆ భేదము ఏనుగునకు పులికి తెలియదు. కస్టమ్సు గుమాస్తాకు మాత్రమే తెలియును.

ఈ లావుతూటాలు పెద్దమృగములకొఱకు. విజయనగరపు మహారాజకుమారుడు విజయానందగజపతి, 1936లో ఇంగ్లండునకు వెడలిన క్రికెట్ జట్టు నాయకుడు, మూడువందలకుపైగా పులులను కొట్టినవాడని ప్రసిద్ధి కలదు. అది కీర్తియో అపకీర్తియో శ్రోతలే నిర్ణయింతురుగాక. దుప్పికి అంత తూటా అక్కరలేదు. దానికి 303 చాలును. కాని అది సైనికుల తూటా యగుటచే సామాన్యునికి నిషిద్ధము. ఆ లోటు తీర్చుటకు ఆస్ట్రియావారి మాన్‌లిఖర్ తూటాను తెచ్చి, 0.315 అంగుళపు తూటా యని పేరిడి, 303 తుపాకి అచ్చులోనే ఇమిడించిరి. గుండు బరువు 244 గ్రెయినులు, అనగా తులమున్నర లోపు. నడక మందము, తన్ను గట్టిది. మనదేశమున వేటగాడు దీనిని మెచ్చి కొనలేదు. ఇది తప్ప వేరొకటి కొననీయలేదు గనుక కొనెను.

ఇక పొట్టితూటా మాట. దానికై మనము అమెరికాదేశమునకు పోవలయును; అచ్చట దుప్పివేట నేటికిని చట్టసమ్మతము. 1906లో అమెరికా సైన్యము 0.30 అంగుళపు తూటా నొకదానిని చేపట్టెను. ఆ యేటినిబట్టి దానికి థర్టీ-ఆట్-సిక్స్ అని పేరు. మొత్తము పొడవు 3.34 అంగుళములు. మందు చేయువిద్య నానాటికి పెరుగగా, అంత పొడవైన గొట్టములో సగము చోటు వృథాయని తోచెను. 1920లో సావేజ్ కంపెనీవారు 300 సావేజ్ అను పొట్టితూటాను చేసి దారి చూపిరి. 1952లో వించెస్టర్ కంపెనీవారు 308 అను తూటాను అమ్మకమునకు తెచ్చిరి. దీని పొడవు 2.8 అంగుళములు. పాతదానికంటె అరయంగుళము తక్కువ; వేగమో, 150 గ్రెయినుల గుండునకు సెకనునకు సుమారు 2,800 అడుగులు, పాతదానికి 2,900. అరయంగుళము ఇత్తడికి నూరడుగుల వేగమే వెల.

అరయంగుళముచే ఏమి లాభమని మీరడుగవచ్చును. ఈ తుపాకులలో తలుపుగడియవంటి ఇనుపకమ్మి యొకటి యుండును. దానిని వెనుకకు లాగిన పాతగొట్టము బయటపడును, ముందుకు త్రోసిన క్రొత్తతూటా లోపలికి పోవును. తూటా పొట్టిదైనచో గడియ నడకయు పొట్టి. గడియ యిమిడిన పెట్టె పొట్టిదై, బరువు తగ్గి, బిగువు పెరుగును. కొండలెక్కు వేటగానికి భుజముపై కొంత బరువు తగ్గుట స్వల్పలాభము కాదు. తడబడి గడియను సగమే లాగి రెండవదెబ్బ పోగొట్టుకొనుటయు తగ్గును.

ఆ 308 గొట్టమునకే మెడ నొక్కి సంతానము కల్పించిరి. 1955లో 243, 1980లో 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్. వేరు వంశమునుండి 2007లో 6.5 మిల్లీమీటర్ల క్రీడ్‌మోర్ పుట్టెను. అదియు పొట్టిగడియకే తగును. వీనిలో ఏది మేలని అచ్చటివారు మన పండితులు పాఠాంతరములను గూర్చి వాదించినట్లు వాదింతురు. మన మృగములనుబట్టి చూచిన విషయము తేలిక. చుక్కలదుప్పి పోతు డెబ్బది ఎనుబది కిలోలు తూగును. దానికి 243 తూటాలోని నూరు గ్రెయినుల గుండు, అరతులముపైన కొంచెము, చాలును. తన్ను తక్కువగుటచే కొట్టువాడు కన్ను మూయడు, గురి చెదరదు. కణుజు అట్టిది కాదు. పెద్దపోతు రెండువందల కిలోలు దాటును, ఎముక గట్టిది. దానికి 308 తూటాలోని 150 గ్రెయినులకు పైబడిన గుండు కావలయును. రెంటికిని ఒక్కటే తుపాకి కావలెనన్నచో 140 గ్రెయినుల గుండునిచ్చు 7 మిల్లీమీటర్లది మధ్యేమార్గమని నాకు తోచుచున్నది. బహుదూరమునకు మెచ్చుకొనబడు క్రీడ్‌మోర్ మన అడవులలో అధికమే. మన కొండవాగుల పొదలలో నూరుగజముల చూపు దొరకుట అరుదు. డప్పులతో తోలిన మృగమును మంచెపైనుండి కొట్టువానికి వేయి గజముల తూటా యేల?

తూటాకంటె గుండు స్వభావము ముఖ్యము. యుద్ధపు గుండునకు రాగికలిసిన లోహపుతొడుగు మొనవరకు నిండుగా నుండును; అది మృగమును సూదివలె గ్రుచ్చి ఆవలికి పోవును. మృగము పరుగెత్తి ఎచ్చటనో చచ్చును. వేటగుండు మొన సీసముతో మెత్తగా నుండి, తగిలినంతనే పూవువలె విచ్చి, క్షణములో ప్రాణము తీయును. ఇట్టి విచ్చుగుండును కలకత్తా దగ్గర దమ్‌దమ్ కర్మాగారమున సైన్యమునకై చేయగా, క్రూరమని 1899లో హేగునగర సమావేశము యుద్ధమున నిషేధించెను. ఇంగ్లండు వారి 1991 నాటి దుప్పిచట్టము పెద్దజాతి దుప్పులకు దానినే విధించి, 0.240 అంగుళమునకు తక్కువ గొట్టము గల తుపాకి పనికిరాదనెను. మనుష్యునియెడ క్రూరమైనది మృగముయెడ దయ యగుట వింతగా తోచును గాని, ఆలోచింపగా రెండును సమంజసములే. అచ్చటను ఎన్నిక చట్టముదే యని గమనింపుడు. అయితే ఆ చట్టము మృగముబాధను చూచి కొలత పెట్టినది. 1907 నాటిది తన భయమును చూచుకొని పెట్టినది.

మరి ఆ 308 మన దేశమునకు రాలేదా? వచ్చినది, వేటగానికి కాదు, సిపాయికి. దాని కవలతూటాను 1954లో పశ్చిమరాజ్యముల కూటమి 7.62 మిల్లీమీటర్ల పేరుతో సైన్యములకు స్వీకరించెను. 1962 చీనాయుద్ధము తరువాత మన ఇషాపూర్ కర్మాగారమువారు పాత లీ-ఎన్‌ఫీల్డు తుపాకినే ఆ పొట్టితూటాకు మలచిరి. అదే తూటాతో తనంతతాను నిండు తుపాకియు మన సైన్యము చేతికి వచ్చెను. సిపాయి తూటా యైనంతనే పాతకథ మరల మొదలు. 1959 నాటి ఆయుధచట్టము క్రింది నిబంధనలలో 303, 7.62 తూటాలు పట్టు తుపాకులన్నియు నిషిద్ధములు. దొరలు పోయిరి, భయము మిగిలెను. మనవానికి మరల ఆ 315 మాత్రమే దక్కెను. దానినిప్పుడు ఇషాపూర్‌లోనే చేసిరి. ప్రభుత్వపు భయము నిష్కారణమని నేననను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై మూడుదినములు వరుసగా పడి తీసికొనినవి తుపాకులును తూటాలునే. నిషేధము దేశరక్షణకు పనికివచ్చెనో లేదో గాని, దాని మూలమున మన అడవులలో దుప్పి అనేకతరములు తగని తూటాకును నాటుతుపాకి చిల్లగుండ్లకును గురియై, చచ్చినవానికంటె ఎక్కువ కుంటినవై తిరిగినవని నా యభిప్రాయము.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. తొలుత కొన్ని మృగములకు అనుమతిపత్రముతో వేట మిగిలియుండెను. 1991 సవరణతో అదియు పోయెను. పంట మేయు మృగముమీదనైనను అటవీశాఖ అధికారి వ్రాతమూలకమైన యాజ్ఞ లేక చేయి చేసికొనరాదు. చైత్రమాసపు ఇటికలపండుగకు విశాఖ ఏజెన్సీలో మగవారు వేటకు పోవుటయు, రిక్తహస్తములతో వచ్చినవారిపై ఆడువారు పేడనీళ్లు చల్లుటయు పూర్వాచారము. నేడు ఆ వేట చట్టవిరుద్ధము.

పంటకాపునకని వెనుకటి తరమువారు అనుమతి పొందిన జోడుగొట్టపు తుపాకులు, అక్కడక్కడ ఒక 315, ఇప్పటికిని కొన్ని యిండ్లలో కలవు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల వానిని ఠాణాలో అప్పగించి రసీదు పుచ్చుకొని, ఎన్నికలు ముగిసిన పిదప మరల తెచ్చి నూనె తుడిచి దాచుకొందురు.