దీపాలదిన్నె రాళ్ళు, లండన్ హోటలు

మా బావమరిది లెస్టర్‌లో స్థిరపడ్డాడు కదా, రమ్మని రమ్మని పోరితే 1994 ఎండాకాలంలో వెళ్ళాం, నేనూ మీ నాయనమ్మా. వాళ్ళింట్లో ఉన్నన్నాళ్ళు గుంటూరులో ఉన్నట్టే ఉంది. ఇద్దరమే లండన్ చూసొస్తామని బయల్దేరాం, అక్కడ మొదలైంది అసలు ముచ్చట. ఒరేయ్, ఆ మొద్దు కాస్త లోపలికి తొయ్యరా, పొగంతా ఇటే వస్తోంది.

హోటలంటే మీరిప్పుడు చూసే అద్దాల మేడ అనుకునేరు. రస్సెల్ స్క్వేర్ దగ్గర పాత ఇళ్ళ వరసలో అదీ ఒక ఇల్లు. లిఫ్టు లేదు. మెట్లు ఎంత ఇరుకంటే పెట్టె ముందు, మనిషి వెనక. పౌను అప్పుడు యాభై రూపాయల దరిదాపు. గది అద్దె రూపాయల్లోకి మార్చి చెప్పానో లేదో, మీ నాయనమ్మ మంచం మీద కూర్చోడానికే జంకింది. ఇక ఆ కుళాయిలు! ఒకటే బేసినుకి రెండు కుళాయిలు, ఒకదాంట్లో చెయ్యి కాలే నీళ్ళు, రెండోదాంట్లో వేళ్ళు కొంకర్లు పోయే నీళ్ళు. ఆ రెండూ కలవాలంటే మన దోసిట్లో కలవాల్సిందే. చెంబు లేని స్నానాలగది ఎందుకని ఆవిడ గొణుగుడు.

పొద్దున్నే కింద ఫలహారం. గుడ్లూ, మాంసమూ మనకొద్దంటే మిగిలేదేముంది? కాల్చిన రొట్టె, తియ్యటి టమాటా రసంలో ఉడికించిన చిక్కుడు గింజలు. ఆ గింజలు నోట్లో పెట్టుకుని మీ నాయనమ్మ పెట్టిన మొహం నాకింకా గుర్తే. మర్నాటినుంచీ కిందికి రానంది. గదిలో నీళ్ళు కాచుకునే కెటిల్ ఉండేది. సంచీలోంచి అటుకులు తీసి, ఆ వేడినీళ్ళు చిలకరించి, ఆవకాయ కలిపి గాజుగ్లాసులో పెట్టి నా చేతికిచ్చింది. ఆ వాసన మెట్లమీంచి కిందిదాకా దిగింది. ఇంటావిడ మాత్రం మర్యాదస్తురాలు, ఒక్క మాటనలేదు.

బ్రిటిష్ మ్యూజియం అక్కణ్ణుంచి నడిచే దూరమే. టికెట్టు లేదు. ఇంత కొంపకి డబ్బులు అడగరా అని మీ నాయనమ్మకి అనుమానం, ఎక్కడో లోపల పట్టుకుంటారని కొంగు ముడి వదల్లేదు. ఈజిప్టు శవాలు చూడనంది, శనివారంపూట మైల ఎందుకని. రోసెట్టా రాయి దగ్గర జనం మూగి ఉన్నారు. వాళ్ళ తలలు చూసి వచ్చేశాం. మాక్కావలసింది అది కాదుగా.

వెనకవైపు పెద్ద ఆసియా గది చివర, అద్దాల అవతల, మన అమరావతి. ఆ గది తెరిచింది 1992లో, మేం వెళ్ళడానికి రెండేళ్ళ ముందేట. లోపల అడుగుపెట్టామా, తెల్లటి పలనాటి రాళ్ళు, నిలువెత్తువి, గోడ పొడుగునా. మన నాపరాయికి దగ్గర చుట్టమే అది. నూరుకి పైచిలుకు ముక్కలున్నాయిట వాళ్ళ దగ్గర.

ఎలా చేరాయంటారా? అమరావతి స్తూపం కూలి దిబ్బయిపోతే, దాన్ని మనవాళ్ళు దీపాలదిన్నె అనేవాళ్ళు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో ఊరు కట్టించే రోజుల్లో, ఇటుకకీ రాయికీ దాన్నే తవ్వారు. కొన్ని శివగంగ చెరువు మెట్లయ్యాయి, కొన్ని సున్నంబట్టీలో కాలిపోయాయి. మెకంజీ దొర 1816లో మనుషుల్ని తెచ్చి, మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో ఇలియట్ దొర తవ్వి మద్రాసు పంపించాడు. అక్కడ ఎండకీ వానకీ పడున్నాక 1859లో ఓడెక్కాయి. లండన్లో మాత్రం పీట వేశారనుకున్నారా? ఒక మేడ వెనక బండ్లకొట్టంలో పడేస్తే, ఫెర్గూసన్ అనే పండితుడు వెతికి బయటపెట్టాడు. మ్యూజియంకి 1880లో చేరాయి. కొన్నాళ్ళు మెట్లదారి గోడలకి తగిలించారు, తర్వాత ఊరి పొగకి రాయి చెడుతోందని ఏళ్ళ తరబడి నేలమాళిగలో పెట్టారు. దొరలు దోచుకుపోయారని ఒకడంటాడు, దొరలే కాపాడారని ఇంకొకడంటాడు. నన్నడిగితే ఆ రాళ్ళని మనవాళ్ళూ దొరలూ ఇద్దరూ అవస్థ పెట్టారు.

ఒక పలకుంది, చూసి తీరాలి. ముందువైపు స్తూపం మొత్తం చెక్కారు. గుండ్రటి అండం, ప్రాకారం, ద్వారం మీద సింహాలు, వరసగా ఐదు ఆయక స్తంభాలు. వెనక్కి వెళ్ళి చూస్తే ఇంకో శిల్పం, అది క్రీస్తుకి ముందుదిట. బోధివృక్షం, దానికింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెట్టేవాళ్ళు. బుద్ధుడి బొమ్మ లేదు. మూడువందల ఏళ్ళు పోయాక ఎవరో శిల్పి అదే పలకని తిప్పి, రెండోవైపు కొత్తది చెక్కాడన్నమాట. రాయి దండగ చెయ్యలేదు. నేను అటూ ఇటూ తిరిగి చూస్తుంటే మీ నాయనమ్మ ఒక్కచోటే నిలబడిపోయింది.

"ఏవండీ, ఈ పిల్ల కాలి కడియాలు చూడండి, మా అమ్మమ్మకి ఇలాంటివే ఉండేవి" అంది.

కడియాలు, మొలనూళ్ళు, జడల్లో పువ్వులు, అన్నీ ఒక్కొక్కటే వేలెత్తి చూపించింది. కార్తీకమాసంలో అమరేశ్వరుడి గుడికి వెళ్ళి, పక్కనున్న దిన్నె దాటుకుని ఎన్నిసార్లు వచ్చామో! అప్పుడెవరికి తోచింది? కాపలా మనిషి వచ్చి మూసే వేళయిందని చెప్తేగానీ కదల్లేదు.

బయటికొస్తే ఇంకా పట్టపగల్లా ఉంది. అక్కడ ఎండాకాలంలో రాత్రి తొమ్మిదింటిదాకా పొద్దుంటుంది. యూస్టన్ స్టేషన్ అవతల డ్రమ్మండ్ స్ట్రీట్లో మనవాళ్ళ శాకాహార హోటళ్ళున్నాయని ఎవరో చెప్తే వెతుక్కుంటూ వెళ్ళాం. దోశె దొరికింది. సాంబారు సంగతి అడక్కండి, కానీ ఆ పూట అది అమృతమే.

రాత్రి గదిలో చీర ఉతికి రేడియేటర్ మీద ఆరేస్తూ రేపెక్కడికని అడిగింది. లండన్ టవర్‌కి, కోహినూరు చూద్దామన్నాను.

"అదెక్కడిదండీ?"

"కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలోదంటారు."

"టికెట్టుందా?"

"ఉంది."

"మనూరి రాళ్ళు ఊరికే చూపించారు, మన వజ్రానికి డబ్బులా? నేను రాను."

రాలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. కిరీటాల ముందు కదిలే పట్టీ వేశారక్కడ, దానిమీద నిలబడితే చాలు, అదే లాక్కుపోతుంది. రాజమాత కిరీటం ముందువైపున్న వజ్రాన్ని ఇదీ అని పోల్చుకునేలోపే దాటేశాను. మళ్ళీ చుట్టూ తిరిగొచ్చి ఇంకోసారి ఎక్కాను. హోటలుకొచ్చేసరికి మీ నాయనమ్మ ఇంటావిడ వంటింట్లో పీటేసుకుని కూర్చుని, అటుకులు ఎలా నానబెట్టాలో చేతులతో చెప్తోంది. టికెట్టు ఎంతైందని మాత్రం అడిగింది. సగమే చెప్పాను. అదుగో, ఇప్పుడు విన్నట్టుంది, ఎవరూ అటు చూడకండి.