ఇల్లు విడిచే ధర్మం



అద్దె ఇంట్లో చేరడానికి మనకు తిథి, వారం, వర్జ్యం అన్నీ ఉన్నాయి. గడపకు పసుపు రాస్తాం, దేవుడి పటం ముందుగా లోపల పెడతాం, పాలు పొంగిస్తాం. ఆ ఇంటిని విడిచి వెళ్ళేటప్పుడు మాత్రం ఇంత తంతు కనిపించదు. సామాను బండికెక్కించడం, తాళంచెవులు ఇంటివారి చేతికివ్వడం, అడ్వాన్సు సొమ్ము లెక్క చూసుకోవడం, అంతే. తగవు ఆ లెక్క దగ్గరే మొదలవుతుంది. "గోడలు మాసిపోయినాయి, రంగులు వేయించాలి, ఒక నెల అద్దె పట్టుకొంటాను" అని ఇంటివారంటారు. "మూడేళ్ళు కాపురముంటే గోడ మాయదా?" అని అద్దెకున్నవారంటారు. పట్నాలలో అద్దెకున్న కుటుంబాలకు ఈ సంభాషణ కొత్త కాదు. కానీ దీని వెనుక ఉన్న ప్రశ్న చాలా పాతది. పరుల సొత్తును అనుభవించి తిరిగి అప్పగించేటప్పుడు దానిని ఏ స్థితిలో అప్పగించాలి? మన పూర్వులు దీనిని ఎలా విచారించారో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కౌటిల్యుడు. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన అర్థశాస్త్రంలో మూడవ అధికరణం ధర్మస్థీయం. అందులో ఎనిమిదవ అధ్యాయం ఇళ్ళ తగవులకు సంబంధించినది. అద్దెకు అక్కడ వాడిన మాట 'అవక్రయం'. ఖాళీ చేయమన్న తరువాత కూడా కదలకుండా కూర్చున్నవాడికి 12 పణాల దండుగ. అద్దె ఇస్తున్నవాడిని బయటికి గెంటిన యజమానికీ అంతే దండుగ. దుర్భాషలు, దొంగతనం, దౌర్జన్యం వంటి కారణాలుంటే మాత్రం యజమానికి మినహాయింపు ఉంది. తనంతట తాను వెళ్ళిపోయేవాడు ఆ సంవత్సరానికి మిగిలిన అద్దె కట్టి వెళ్ళాలి. రెండు వైపులా ఒకే తూకం వేసిన పద్ధతి గమనించదగినది. అయితే ఈ సూత్రాలలో కౌటిల్యుడు చూసినది గడువును, సొమ్మును, గోడను కాదు.

నారదస్మృతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. వేతనాల ప్రకరణంలోనే ఈ విషయం వస్తుంది. అక్కడ అద్దెకు మాట 'స్తోమం'. పరుల స్థలంలో ఇల్లు వేసుకొని స్తోమం చెల్లిస్తూ నివసించినవాడు, వెళ్ళేటప్పుడు తాను తెచ్చిన గడ్డి, కలప, ఇటుకలు తీసుకొని పోవచ్చు. స్తోమం ఇవ్వకుండా, యజమాని సమ్మతి లేకుండా ఉన్నవాడికి ఆ హక్కు లేదు. ఆ వెంటనే అద్దెకు తెచ్చిన వస్తువుల మాట వస్తుంది. గడువు తీరగానే వాటిని తిరిగి అప్పగించాలి. పగిలినదానికీ పోయినదానికీ తెచ్చుకొన్నవాడే బాధ్యుడు. మనిషి అడ్డుకోలేని ఉపద్రవం వల్ల నష్టం జరిగితే మాత్రం బాధ్యత లేదు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోవలసిందిగా మనవి. వీటిని పోలినవి మళ్ళీ 1882లో కనిపిస్తాయి.

ఇక శుభ్రం సంగతి. ఇల్లు శుభ్రం చేసి విడవాలన్న మాటను విడమరిచి చెప్పిన ప్రాచీన గ్రంథం బౌద్ధుల వినయపిటకం. బిక్షువుకు సొంత ఇల్లు లేదు. ఊరూరా తిరుగుతూ సంఘానికి చెందిన విహారాలలో కొన్నాళ్ళు తలదాచుకొంటాడు. అతడు అద్దె చెల్లించకపోయినా, పరుల ఇంట్లో ఉండి వెళ్ళేవాడే. అందువల్ల చుల్లవగ్గలో వచ్చేవాడి విధులు, పోయేవాడి విధులు వేరువేరుగా చెప్పారు. పోయేవాడు కర్రసామాను, మట్టిపాత్రలు సర్దిపెట్టాలి. తలుపులు, కిటికీలు మూయాలి. గదిని ఎవరికైనా అప్పగించి వెళ్ళాలి. అప్పగించడానికి ఎవరూ లేకపోతే నాలుగు రాళ్ళమీద మంచాన్ని ఎత్తిపెట్టి, దానిమీద మిగిలిన మంచాలు, పీటలు పేర్చి, పక్కబట్టలు పైన ఉంచాలి. ఎందుకీ జాగ్రత్త అంటే, చెదల భయం. కొందరు బిక్షువులు పక్కలు పరిచినవి పరిచినట్లే వదిలి వెళ్ళగా చెదలు తినేశాయనీ, అందువల్ల నియమం పుట్టిందనీ వినయం చెబుతుంది.

గది శుభ్రం చేసే వరుస కూడా అక్కడ ఉంది. బూజు ఉంటే ముందు పైకప్పునుంచి దులపాలి. జేగురు పూసిన గోడ మరకపడితే గుడ్డ తడిపి, పిండి, దానితో తుడవాలి. మట్టినేల అయితే దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరించి ఊడవాలి. చెత్తను పోగుచేసి ఒక పక్కన పారవేయాలి. మన ఇళ్ళలో ఆడవారు పండుగకు ముందు చేసే పని ఇదే వరుసలో సాగుతుంది కదా! ఈ నియమాలకు మన నేలతోనూ సంబంధముంది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఉపాసిక బోధిసిరి చైత్యగృహాన్ని కట్టించింది తామ్రపర్ణి ఆచార్యుల కోసమని శాసనం చెబుతుంది. ఆ లోయలో బయటపడిన చిన్నచిన్న గదుల వరుసలు బిక్షువుల కోసం కట్టినవే.

మన లోకాచారంలో ఒక చిత్రమైన నిషేధం ఉంది. ఇంటినుంచి ఎవరైనా ప్రయాణమై వెళ్ళిన వెంటనే ఇల్లు ఊడవకూడదంటారు. వెళ్ళినవారి అడుగుల వెంట చీపురు పట్టడం అమంగళమని పెద్దల భావన. దీనిని ఇల్లు ఖాళీ చేసేవారికి అన్వయిస్తే ఒక అర్థం స్ఫురిస్తుంది. వెనుక ఊడవరాదు గనుక, వెళ్ళేవారే ముందుగా ఊడ్చి వెళ్ళాలి. ఇది నా అన్వయమే గాని శాస్త్రవచనం కాదు.

ఇప్పుడు తగవుకు మూలమైన గోడ దగ్గరికి వద్దాం. సున్నపు గోడల రోజుల్లో ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. ఉపాధ్యాయవృత్తిలో బదిలీల మూలంగా నేను చాలా అద్దె ఇళ్ళు చూశాను. సున్నాన్ని ముందురోజే తొట్టిలో నానవేసి, పలుచని గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపి, కుంచెతో రెండు పూతలు పూస్తే గోడ తెల్లబడేది. ఒక ఆదివారం పని. సున్నానికి క్రిమిని చంపే గుణం కూడా ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు అధికారులు ఇళ్ళకు సున్నం కొట్టించింది అందుకే. తరువాత డిస్టెంపరు, దాని తరువాత ఎమల్షన్ రంగులు, వాటికి కింద లప్పం వచ్చాయి. ఒక ఆదివారం పని కాస్తా మేస్త్రీ, కూలీలు, వేల రూపాయల ఖర్చు అయింది. "వెళ్ళేవారు వెల్ల వేయించి వెళ్ళాలి" అన్న పాత మాట అలాగే ఉంది. దాని వెనుక బరువు మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

మరి చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను ఇంటివారికీ అద్దెవారికీ ఉన్న హక్కులు, బాధ్యతలు చెబుతుంది. అద్దెకున్నవాడు తాను బిగించుకొన్నవి వెళ్ళేలోగా ఊడదీసుకొని పోవచ్చు; అయితే ఇంటిని తాను చేరిన నాటి స్థితిలో వదలాలి. నారదుడి గడ్డి, కలప, ఇటుకలు జ్ఞాపకం వచ్చాయా? అదే సెక్షను ప్రకారం, ఇంటిని చేరిన నాటి మంచి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. దీనికి రెండు మినహాయింపులు. ఒకటి, అడ్డుకోలేని శక్తి వల్ల జరిగిన నష్టం. ఇది నారదుడు చెప్పిన ఉపద్రవమే. రెండవది నారదుడి ఆ శ్లోకంలో కనిపించనిది: సహేతుకమైన వాడుక వల్ల సహజంగా కలిగే అరుగుదల. ఈ ఒక్క మాటలోనే మన గోడ తగవుకు సమాధానముంది. అయితే ఒప్పందంలో వేరుగా రాసుకొంటే, లేదా స్థానికాచారం వేరుగా ఉంటే, ఈ నియమాలు పక్కకు తప్పుకొంటాయని ఆ సెక్షను మొదటనే ఉంది. కనుక అద్దె కాగితం మీద సంతకం చేసేముందు "రంగుల ఖర్చు" అన్న పంక్తి ఉన్నదేమో చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా ఇలాగే ఆలోచించింది. భవనం విలువను, ఉపయోగాన్ని గణనీయంగా దెబ్బతీసే పనులు చేస్తేనే అది ఖాళీ చేయించడానికి కారణమయ్యేది. గోడ మాయడం అందులోకి వచ్చేది కాదు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకా స్పష్టంగా పంచిపెట్టింది. గోడలకు వెల్ల, తలుపులకు కిటికీలకు రంగు ఇంటివారి వంతు. కుళాయి వాషర్లు, మురుగుకాలువ శుభ్రం, స్విచ్చులు, పగిలిన కిటికీ అద్దాలు అద్దెవారి వంతు. నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. ఇది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా మాత్రమే, తనంతట అమలయ్యే చట్టం కాదు. అయినా న్యాయం ఏ దిక్కున ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది.

నాకు తోచినది ఇది. మురికి వేరు, ముసలితనం వేరు. పొయ్యి వెనుక మసి, కుళాయి కింద పాచి, గూటిలో నూనె జిడ్డు, మూలల బూజు మన కాపురం వదిలిన మురికి. వాటిని కడిగి వెళ్ళడం మన విధి. వన్నె తగ్గిన గోడ, అరిగిన గడప కాలం తెచ్చిన ముసలితనం; దానికి అద్దె రూపంలో ప్రతినెలా వెల చెల్లించాం. మొదటిదాన్ని ఎగవేసే అద్దెవారూ, రెండవదానికి మళ్ళీ వసూలు చేసే ఇంటివారూ ఈ తేడా మరచినవారే. చేరిననాడే ప్రతి గదినీ ఫోటో తీసి, తేదీ వేసి, ఇంటివారికి ఒక ప్రతి పంపితే, వెళ్ళేనాడు వాదన సగం తగ్గుతుంది.

అయితే అడ్వాన్సు లెక్క సరిపోయాక కూడా ఒక బాకీ మిగులుతుంది. కౌటిల్యుడు, నారదుడు, 1882 చట్టం ఇద్దరినే చూశారు, ఇచ్చినవాడినీ పుచ్చుకొన్నవాడినీ. వినయం మూడవవాడినీ చూసింది. నాలుగు రాళ్ళమీద మంచం ఎత్తిపెట్టేది రాబోయే ఎవరో తెలియని బాటసారి కోసం. మనం కడిగిన వంటగదిలో పాలు పొంగించుకొనేది కూడా మనకు తెలియని ఇల్లాలే.

మీ ప్రాంతంలో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాటించే ఆచారాలు, వాడే మాటలు ఏవైనా ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయగలరు. మా వైపు 'అద్దె' అంటే, సీమ వైపు మిత్రులు 'బాడుగ' అంటారు. అలాగే ఈ వెళ్ళే వేళకు కూడా ఎక్కడో ఒక చక్కని పలుకుబడి ఉండే ఉంటుంది.