ఎరువు రాని కొండ మీద కాఫీ

అరకు కాఫీ ప్యాకెట్ మీద ‘ఆర్గానిక్’ అన్న మాట చూసినప్పుడల్లా నాకో అనుమానం. ఆ నిర్ణయం ఎవరిది? రైతుదేనా?

చరిత్రలోకి వెళ్తే, మొదట్లో అక్కడ నిర్ణయమంటూ ఏమీ లేదు. 1898లో బ్రిటిష్‌వాళ్లు పాములేరు లోయలో కాఫీ నాటారు. 1960లలో అటవీశాఖ రిజర్వు అడవుల్లో తోటలు వేసింది. ఆ తర్వాత పోడు మాన్పించడానికి ఐటీడీఏ గిరిజన కుటుంబాలకి మొక్కలిచ్చింది. నీడకి సిల్వర్ ఓక్, దానికి పాకించిన మిరియం. కొడగు తరహా పెద్ద ఎస్టేట్లు ఇక్కడి గిరిజన భూముల్లో లేవు. ఆ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1970 నాటి 1/70 చట్టం అడ్డుంది. ఉన్నదల్లా ఎకరం, రెండెకరాల రైతు. యూరియా బస్తా కొనడం ఒక ఖర్చు, కొండెక్కించడం ఇంకో ఖర్చు. రాలిన ఆకు కుళ్లితే అదే ఎరువు. దీన్ని మనం సంప్రదాయ జ్ఞానమని మురిసిపోతాం గానీ, అందులో సగం పేదరికమే.

పోడులో బూడిదే ఎరువు. నేల బలం తగ్గితే ఇంకో వాలుకి పోవడమే. కాఫీ చెట్టు అలా కదలనివ్వదు. కాపుకి 3, 4 ఏళ్లు, ఆపైన దశాబ్దాలు అదే చోట. నేలకి తిరిగి ఏమివ్వాలన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

2001 నాటికి ప్రపంచ మార్కెట్లో కాఫీ ధర కుప్పకూలింది. ఆ దశాబ్దంలోనే నాంది ఫౌండేషన్ అరకు రైతులకి కంపోస్టు, సర్టిఫికెట్, ఎగుమతి మూడూ కలిపి పరిచయం చేసింది. 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు. సర్టిఫికెట్ అంటే మాటలు కాదు: కాఫీలాంటి పంటకి 3 ఏళ్లు రసాయనాల్లేకుండా ఆగాలి. ఒక్క రైతు ఆ ఖర్చు భరించలేడు కాబట్టి గుంపుగా తీసుకుంటారు. గుంపులో ఒకడు యూరియా చల్లితే అందరికీ ముప్పే. అంటే ఎరువు ఎంచుకోవడంలో పక్క తోటవాడి కన్ను కూడా ఉంది!

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది తొక్క. రైతు ఇంటి దగ్గరే పండు ఒలిస్తే తొక్క గోతిలో పడి, గెత్తంతో కలిసి మళ్లీ చెట్టు మొదటికే చేరుతుంది. పండుగానే అమ్మేస్తే చాకిరీ తగ్గుతుంది, డబ్బు త్వరగా చేతికొస్తుంది. కానీ పండు బరువులో దాదాపు 40 శాతం ఆ తొక్కే, పొటాషియం దండిగా ఉన్నదీ అదే. లారీ ఎక్కి నేల సారం కూడా దిగిపోతుంది. దాన్ని కంపోస్టు చేసి మళ్లీ కొండెక్కించే కిరాయి ఎవరు పెట్టుకుంటారన్నది ప్యాకెట్ మీద రాయరు.